కార్డులు కాపీ అవుతున్నా టైమ్‌లైన్ ఆగకూడదు: పాలకొల్లు స్టూడియో సర్వరు డైరీ

పుష్యం, పెళ్ళిళ్ళు లేని రోజులు

పాలకొల్లులో మా బాబాయి వీడియో స్టూడియోకి సర్వరు ఒక్కటే. నాలుగు హార్డ్ డిస్కులు, ఒక్కోటి 8 టీబీ, 7200 ఆర్‌పీఎం. లైనక్స్‌లో ఎమ్‌డీ రైడ్-5గా కట్టాం, అంటే నాలుగూ కలిసి ఒకే డిస్కులా కనిపిస్తాయి, ఒకటి పోయినా డేటా పోదు. మెమరీ 32 జీబీ. గిగాబిట్ స్విచ్చి మీద సాంబా షేరు, అంటే మిగతా సిస్టమ్‌లు నెట్‌వర్కు మీదుగా తెరిచే ఫోల్డరు. దాన్ని వాడేవి ఎడియస్ నడిచే రెండు ఎడిటింగ్ సిస్టమ్‌లు, ఆల్బమ్ డిజైన్ చేసే సిస్టమ్ ఒకటి. మాఘం వచ్చిందంటే ఈ సర్వరు జోలికి వెళ్ళడానికి ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఇప్పుడే పని పెట్టుకున్నాను.

ఇబ్బంది ఇది. మా వైపు ముహూర్తాలు ఎక్కువగా రాత్రి పూటే. తెల్లవారుజామున తలంబ్రాలు అయితే, పొద్దున్న ఏడింటికల్లా చించినాడ వంతెన దాటి రాజోలు వైపు నుంచో, ఇటు నరసాపురం నుంచో కెమెరా మెమరీ కార్డులు వచ్చేస్తాయి. సాయంత్రం రిసెప్షన్‌లో తెర మీద వేయడానికి హైలైట్స్ సిద్ధంగా ఉండాలి. అంటే కార్డులు లోపలికి పోస్తున్న గంటల్లోనే ఎడిటింగ్ కూడా నడవాలి. సరిగ్గా అప్పుడే బొమ్మ బిగుసుకుపోతోంది.

"కాసేపు బానే నడుత్తాదన్నా, ఇంతలో అతుక్కుపోద్ది. మళ్ళీ దానంతటదే వదుల్తాది," అన్నాడు ఎడిటింగ్ చేసే కుర్రాడు. ఎంతసేపటికోసారి అని అడిగితే గోడ గడియారం వంక చూసి, "అర నిమిషానికోసారనుకో," అన్నాడు. ఆ అర నిమిషం మాట నోట్ చేసుకున్నాను. తర్వాత అదే దారి చూపించింది.

ముందు లెక్క వేశాను. కెమెరాలు 4కేలో 100 మెగాబిట్‌ల చొప్పున రికార్డు చేస్తాయి. సెకనుకు 12.5 ఎంబీ, గంటకు 45 జీబీ. మూడు కెమెరాల బొమ్మలు ఒకే టైమ్‌లైన్ మీద పెట్టినా ఎడిటర్‌కి కావలసింది సెకనుకు 37.5 ఎంబీ. కార్డు కాపీ గిగాబిట్ లైనులో 110 ఎంబీకి అటూ ఇటూగా వస్తుంది. రెండూ కలిపితే 150 లోపు. వరసగా రాయడమో చదవడమో అయితే ఈ నాలుగు డిస్కులకు అదొక బరువే కాదు. లైను దగ్గర ఇరుకు కూడా లేదు. గిగాబిట్‌లో వచ్చేదీ పోయేదీ వేరు వేరు దారులు, కాపీ లోపలికి వస్తుంటే టైమ్‌లైన్ బొమ్మ బయటికి పోతోంది. నెట్‌వర్కు వేగం కొలిచే ఐపెర్ఫ్‌తో ఒకసారి చూసి స్విచ్చినీ కేబుళ్ళనీ పక్కన పెట్టేశాను.

కాబట్టి లోటు వేగంలో లేదు. ఎడిటర్ అడిగే చిన్న రీడు (డిస్కు నుంచి చదివే పని) ఎంతసేపు నిలబడాల్సి వస్తోందన్నదే ప్రశ్న. ఈ పని మొత్తానికి నేను పెట్టుకున్న కొలత అదొక్కటే. కాపీ ఎన్ని ఎంబీలతో పోతోందో కాదు, ఆ సమయంలో ఒక చిన్న రీడు ఎన్ని మిల్లీసెకన్లలో తిరిగొస్తోందో చూడాలి.

కొలవడం

మూడు కిటికీలు తెరిచి పెట్టుకున్నాను. ఒకదాంట్లో డిస్కుల పని చూపించే ఐఓస్టాట్, పొడుగు రిపోర్టుతో, సెకనుకోసారి. అందులో నేను చూసేది మూడే: రీడు ఎదురుచూపు, రైటు ఎదురుచూపు, వరుస పొడవు. నూటికి ఎంత బిజీ అని చూపించే ఆఖరి గడిని నమ్మను. రైడ్ మీద అది చెప్పేది తక్కువ, భయపెట్టేది ఎక్కువ. రెండో దాంట్లో ఐఓపింగ్, డైరెక్ట్ మోడ్‌లో, అంటే మెమరీలోని కాపీని కాకుండా నేరుగా డిస్కునే చదివేలా. సెకనుకోసారి ఒక చిన్న ముక్క చదివి ఎంతసేపు పట్టిందో చెబుతుంది. ఎడిటర్ బాధకి ఇంతకంటే దగ్గరగా ఉండే సాధనం నాకు కనబడలేదు. మూడో దాంట్లో మెమ్‌ఇన్ఫో ఫైల్లోంచి రెండు వరసలు: డర్టీ (డిస్కుకి ఇంకా దిగకుండా మెమరీలోనే ఉన్న డేటా), రైట్‌బ్యాక్ (ఇప్పుడు దిగుతున్నది).

పెద్ద ఫోల్డరు కాపీ పెట్టాను. మొదట అంతా ప్రశాంతంగా ఉంది. డిస్కుల లైట్లు దాదాపు వెలగడం లేదు, ఐఓపింగ్ పది పన్నెండు మిల్లీసెకన్లే చూపిస్తోంది. విండోస్ కాపీ గ్రాఫు మాత్రం పైకి లేచి నిలబడింది. డర్టీ అంకె ఆగకుండా పెరుగుతోంది. మూడు జీబీ దరిదాపులకు రాగానే నాలుగు డిస్కులూ ఒక్కసారిగా మోగాయి. ఐఓపింగ్ సెకను దాటిపోయింది. పక్క గదిలోంచి "ఇదిగోన్నా, ఆగిపోయింది!" అని కేక.

కారణం లైనక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ అలవాటులోనే ఉంది. రాయమని వచ్చిన డేటా ముందు మెమరీలో పడుతుంది. అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం నిండేవరకు వెనకాల రాసే పని మొదలవదు. 20 శాతం నిండితే రాసేవాళ్ళనే ఆపేస్తుంది. లేదా డేటా పాతబడి 30 సెకన్లు దాటినా రాయడం మొదలవుతుంది. 32 జీబీ మెషీనులో 10 శాతమంటే మూడు జీబీ పైచిలుకు. సెకనుకు 110 ఎంబీ చొప్పున 30 సెకన్లలో చేరేదీ 3.3 జీబీ. రెండు గడువులూ ఒకేసారి తగులుతున్నాయి. గోడ గడియారం చూసి కుర్రాడు చెప్పిన అర నిమిషం ఇదే.

ఈ శాతాలు మెమరీ తక్కువగా ఉన్న కాలంలో పెట్టినవి. 1 జీబీ మెషీనులో 10 శాతమంటే 100 ఎంబీ, డిస్కు ఒకటి రెండు సెకన్లలో దులిపేసుకునేది. మెమరీ పెంచినకొద్దీ ఆ మూట పెరిగింది, డిస్కు ముల్లు మాత్రం అదే వేగంతో కదులుతోంది. ర్యామ్ పెంచితే సర్వరు చురుగ్గా ఉంటుందని సలహా ఇచ్చేవాళ్ళు ఈ సంగతి కూడా చెప్పాలి.

మూట చిన్నది చేయడం

శాతాలు వదిలేసి బైట్లలో హద్దు పెట్టాను. డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ (వెనకాల రాయడం మొదలయ్యే హద్దు) 6,71,08,864, అంటే 64 ఎంబీ. డర్టీ_బైట్స్ (రాసేవాళ్ళని ఆపే హద్దు) 26,84,35,456, అంటే 256 ఎంబీ. బైట్లలో పెట్టగానే శాతాల గడులు వాటంతటవే సున్నా అవుతాయి, అది చూసి కంగారు పడక్కర్లేదు. ఈ అంకెలకు నేను పెట్టుకున్న ఆధారం ఒకటే: అర్రే (నాలుగు డిస్కుల కట్ట) సుమారు ఒక సెకనులో రాసేయగలిగినంత. దానికి మించి మెమరీలో పోగేస్తే ఎవరో ఒకరు ఆ పోగు వెనక నిలబడాల్సిందే.

మళ్ళీ అదే ఫోల్డరు కాపీ. ఈసారి డిస్కులు మొదటి క్షణం నుంచే నెమ్మదిగా, ఆగకుండా రాస్తున్నాయి. సెకను దాటిన ఎదురుచూపులు పోయాయి. ఐఓపింగ్ ఎక్కువగా వంద, రెండు వందల మిల్లీసెకన్ల మధ్య తిరుగుతోంది. ఇంకా బాగా తగ్గాలి, కానీ బొమ్మ అతుక్కుపోవడం మాత్రం ఆగింది.

బాబాయి వచ్చి విండోస్ గ్రాఫు చూశాడు. "ఒరేయ్, ఇదివరకు నూట పన్నెండు చూపించేది కదరా. ఇప్పుడు తొంభై అయిదేంటి?" అని అడిగాడు.

"ఇదివరకు నూట పన్నెండు చూపించి మధ్యమధ్యలో సున్నాకి పడిపోయేది బాబాయ్. ఇప్పుడు పడిపోవడం లేదు. మొత్తం కార్డు ఎంతసేపట్లో అయిందో చూడు."

చూశాడు. దాదాపు అంతే సమయం. "సర్లే, పెళ్ళివారికి కావాల్సింది టైముకి సీడీయే," అన్నాడు. ఇప్పుడిచ్చేది పెన్‌డ్రైవే, బాబాయి నోట మాత్రం అది ఇంకా సీడీయే.

కరెంటు సంగతి

ఈ మార్పుని ఎడిటర్ కోసం చేశాను గానీ, దీంతో నాకు అంతకంటే పెద్ద ధైర్యం వచ్చింది. పాత అమరికలో కాపీ అయిపోయిందని విండోస్ చెప్పాక కూడా రెండు మూడు జీబీలు మెమరీలోనే ఉండేవి. గాలివాన రోజుల్లో మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. యూపీఎస్ ఉంది, దాని బ్యాటరీ కూడా పాతబడుతుంది. అదే సమయంలో కెమెరామన్ కార్డు తీసుకుని తర్వాతి పెళ్ళి కోసం ఫార్మాట్ కొట్టేస్తే ఆ మూడు జీబీలు ఇంకెక్కడా ఉండవు. మాంగల్యధారణ రెండోసారి తీయలేం. ఇప్పుడు గాల్లో ఉండే డేటా గరిష్ఠం 256 ఎంబీ. అది కూడా చాలదు, కార్డు ఫార్మాట్‌కి ముందు సింక్ (మెమరీలో మిగిలింది డిస్కుకి దించేయడం), సరిచూడటం రెండూ తప్పనిసరి. దాని స్క్రిప్టు కింద రాస్తాను.

రాసేటప్పుడు చదువుతున్నదెవరు?

రాత్రి ఎవరూ లేనప్పుడు కాపీ మాత్రమే పెట్టి ఐఓస్టాట్ చూశాను. షేరు నుంచి చదివేవాళ్ళు లేరు. అయినా నాలుగు డిస్కుల మీదా రీడ్లు కనిపిస్తున్నాయి. రైడ్-5 స్వభావమే అంత. డేటాని పట్టీలుగా డిస్కుల మీద పరిచి, ప్రతి పట్టీకీ పారిటీ (ఒక డిస్కు పోతే దాని డేటాని తిరిగి లెక్క కట్టడానికి పనికొచ్చేది) కూడా రాస్తుంది. ఒక పట్టీలో కొంత భాగమే మారితే పాత డేటా, పాత పారిటీ చదివి, కొత్తవి రెండూ రాయాలి. ఒక్క రైటుకి నాలుగు పనులు. పట్టీ మొత్తం ఒకేసారి చేతికొస్తే చదవక్కర్లేదు, పారిటీ లెక్క కట్టి రాసేయొచ్చు. మా అర్రేలో చంకు (పట్టీలో ఒక్కో డిస్కుకి పడే ముక్క) 512 కేబీ, పట్టీలో డేటా పడేది మూడు డిస్కుల మీద, అంటే పూర్తి పట్టీ 1.5 ఎంబీ.

పట్టీలు పూర్తయ్యేవరకు ఆగే చోటు స్ట్రైప్ క్యాష్. దాని సైజు మామూలుగా 256. ఒక్కోదానికి డిస్కుకి 4 కేబీ పేజీ చొప్పున, నాలుగు డిస్కులకు మొత్తం 4 ఎంబీ మాత్రమే. వీడియో పోసేచోట అది చాలదు. 4096 చేశాను, 64 ఎంబీ మెమరీ తింటుంది. 32 జీబీలో అది లెక్కే కాదు. కాపీ సమయంలో ఆ అనవసర రీడ్లు చాలా మటుకు పోయాయి. ముల్లు వెనక్కీ ముందుకీ తిరగడం తగ్గింది కాబట్టి ఎడిటర్ రీడ్లకీ చోటు దొరికింది. ఇంకా పెంచి చూశాను, తేడా కనబడలేదు, 4096 దగ్గరే ఆపేశాను.

వరుసలో ఎవరు ముందు?

ఇక మిగిలిన వంద, రెండు వందల మిల్లీసెకన్లు. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.33 మిల్లీసెకన్లు. సగటున సగం చుట్టు ఆగాలి, ముల్లు జరగడానికి ఇంకో ఏడెనిమిది. చెల్లాచెదురుగా ఉన్న ఒక్కో పనికి 12 మిల్లీసెకన్లు అనుకుందాం. సాటా డిస్కు తన లోపలి వరుసలో 32 పనుల దాకా పట్టుకుంటుంది. ఆ 32 నిండి ఉంటే, వెనకాల వచ్చిన రీడు 0.4 సెకను దాకా ఆగాల్సి రావచ్చు. డిస్కు తెలివిగా క్రమం మారుస్తుంది, నిజమే. కానీ మొత్తం పని త్వరగా అయ్యేలా మారుస్తుంది. ఎవరు తొందరలో ఉన్నారో దానికి తెలియదు.

తెలిసేది డిస్కు పనులకు వరుస కట్టే కెర్నెల్ షెడ్యూలర్‌కే. అయితే పని డిస్కు లోపలికి దిగిపోయాక షెడ్యూలర్ చేతిలో ఏమీ ఉండదు. అందుకని క్యూ డెప్త్ (డిస్కు లోపలి వరుస పొడవు) 32 నుంచి 4కి దించాను. ఇప్పుడు వరుస డిస్కు లోపల కాకుండా బయట, ఎంక్యూ-డెడ్‌లైన్ అనే షెడ్యూలర్ దగ్గర ఏర్పడుతుంది. అక్కడ రీడ్లకు ముందు వంతు ఇవ్వొచ్చు. దాళ్వాకి (రెండో పంటకి) గోదావరిలో నీళ్ళు తగ్గినప్పుడు కాలువలకు వంతులు కడతారు కదా. ఎగువవాళ్ళు తూములు బార్లా తెరిచి వదిలేస్తే శివారు చేలకు చుక్క చేరదు. ఇక్కడ కాపీ ఎగువ చేను, ఎడిటర్‌ది శివారు చేను.

ఎంక్యూ-డెడ్‌లైన్‌లో మామూలు విలువలు: రీడ్_ఎక్స్‌పైర్ (రీడు గడువు) 500 మిల్లీసెకన్లు, రైట్_ఎక్స్‌పైర్ (రైటు గడువు) 5000, రైట్స్_స్టార్వ్‌డ్ (రైట్లకు ఒక వంతు వచ్చేలోపు రీడ్లకు ఎన్ని వంతులు) 2, ఫిఫో_బ్యాచ్ (ఒక వంతులో ఎన్ని పనులు) 16. నేను రీడ్_ఎక్స్‌పైర్ 100, రైట్స్_స్టార్వ్‌డ్ 4, ఫిఫో_బ్యాచ్ 4 చేశాను. రైట్ గడువు ముట్టుకోలేదు. రైట్లను మరీ ఆకలితో మాడ్చితే మెమరీలో పోగు పెరిగి మొదటికే వస్తుంది. ఇవన్నీ నాలుగు డిస్కులకూ విడివిడిగా పెట్టాలి. అర్రే పేరు మీద పెడదామంటే అక్కడ షెడ్యూలర్ ఉండదు, పని కింద డిస్కుల దగ్గరే.

ఫలితం నాకు నచ్చింది. కాపీ నడుస్తుండగా ఐఓపింగ్ ఎక్కువసార్లు ముప్పై, నలభై దగ్గర నిలబడుతోంది. అప్పుడప్పుడు వంద తాకుతుంది. కాపీ వేగం కొద్దిగా తగ్గింది. తగ్గనీ. కార్డు పది నిమిషాలు ఆలస్యంగా అయితే ఎవరూ గమనించరు, ప్లే నొక్కాక అర సెకను ఆగితే ఎడిటర్ చెయ్యి ఆగిపోతుంది.

బీఎఫ్‌క్యూ, అయొనైస్ ఎందుకు వద్దనుకున్నాను

తణుకులో సర్వర్లు చూసే మిత్రుడు ఫోన్‌లో అడిగాడు: "ఇంత తంటా ఎందుకండీ, బీఎఫ్‌క్యూ పెట్టి, కాపీకి అయొనైస్‌తో ఐడిల్ క్లాసు ఇచ్చేస్తే పోలా?" బీఎఫ్‌క్యూ ఇంకో షెడ్యూలర్, అయొనైస్ అంటే ఒక ప్రోగ్రాము డిస్కు పనులకు వెనక వంతు ఇచ్చే కమాండు. ఒక్క డిస్కున్న డెస్క్‌టాప్ మీద ఆయన మాట నూటికి నూరుపాళ్ళు సరైనదే. మా దగ్గర రెండు అడ్డాలు. కాపీ రాసే డేటా ముందు మెమరీలో పడి, తర్వాత కెర్నెల్ రైట్‌బ్యాక్ త్రెడ్ చేతుల మీదుగా దిగుతుంది. ఆ రైటుకీ కాపీ ప్రోగ్రాముకీ మామూలుగా పేరు సంబంధం తెగిపోతుంది. దాని కింద మళ్ళీ రైడ్-5 త్రెడ్. డిస్కు దగ్గరికి వచ్చేసరికి రైట్లన్నీ ఆ ఒక్క త్రెడ్ పేరు మీదే వస్తాయి. ఎవరి పని ఎవరిదో చూసి పంచడమే బీఎఫ్‌క్యూ బలం, ఆ గుర్తే చెరిగిపోయిన చోట దానికి చేతులు కట్టేసినట్టే. పెట్టి చూశాను, ఎంక్యూ-డెడ్‌లైన్ కంటే మెరుగ్గా ఏమీ రాలేదు. తీసేశాను. నేరుగా చదివే పనులకు అయొనైస్ పనికొస్తుంది, దాన్ని అక్కడే వాడాలి.

సరిచూసే స్క్రిప్టు

కాపీ ఇక విండోస్ నుంచి కాదు. కార్డు రీడరుని సర్వరుకే తగిలించాం, ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాము లాగుతుంది. బ్యాండ్‌విడ్త్ హద్దు సెకనుకు 90 ఎంబీ. పగలు ఎడిటింగ్ నడిచేటప్పుడు 60. తర్వాత సింక్. తర్వాత చెక్‌సమ్, అంటే ఫైలు మారిందో లేదో పోల్చి చూడటానికి దాని డేటా నుంచి కట్టే అంకె.

చెక్‌సమ్ దగ్గర చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. ఇప్పుడే రాసిన ఫైలుని వెంటనే చదివితే అది డిస్కు నుంచి రాదు, మెమరీలో మిగిలిన కాపీ నుంచి వస్తుంది. సరిచూసింది ర్యామ్‌ని, డిస్కుని కాదు. అందుకని స్క్రిప్టులో ఫైలుని డీడీ కమాండుతో డైరెక్ట్ మోడ్‌లో చదివించి, దాన్ని చెక్‌సమ్‌కి పంపుతున్నాను. ఇంకో లాభం, 128 జీబీ కార్డుని సరిచూసినా ఎడిటర్ కోసం మెమరీలో ఉన్న పేజీలు బయటికి పోవు. ఈ చదవడానికి సిస్టమ్‌డీ-రన్ అనే కమాండు ద్వారా సెకనుకు 50 ఎంబీ హద్దు పెట్టాను. రెండు చెక్‌సమ్‌లూ కలిస్తేనే తెర మీద పచ్చరంగులో "కార్డు ఇచ్చేయొచ్చు" అని వస్తుంది.

పెళ్ళివారి హార్డ్ డిస్క్

ఇది ముందు అనుకోలేదు. పెళ్ళివారు తమ సొంత యూఎస్‌బీ డిస్కు తెచ్చి మొత్తం వీడియో అందులో వేయమంటారు. కొన్నిటి రాసే వేగం సెకనుకు 30 ఎంబీ కూడా ఉండదు. ఆ నెమ్మది డిస్కు కోసం వేచి ఉన్న డేటా 256 ఎంబీలో పెద్ద వాటా ఆక్రమిస్తే, అర్రేకి రాసేవాళ్ళకీ బ్రేకులు పడతాయి. బీడీఐ ఫోల్డర్లో ప్రతి డివైసుకీ మ్యాక్స్_రేషియో (ఆ హద్దులో అది ఆక్రమించగల గరిష్ఠ శాతం) అని ఉంటుంది, మామూలుగా 100. బయటి డిస్కు తగిలించగానే దాన్ని 10 చేసే యూడెవ్ రూలు రాశాను. సరిపోయింది.

మాఘం, మొదటి రద్దీ

ఒకే రాత్రి రెండు పెళ్ళిళ్ళు, దానికి తోడు అంతర్వేది కల్యాణానికి వెళ్ళిన యూనిట్ కార్డులు. పొద్దున్న రీడర్లలో కార్డులు నడుస్తూనే ఉన్నాయి, ఎడిటింగ్ సిస్టమ్‌లు రెండూ పనిలో ఉన్నాయి. డిస్కు కోసం పనులు ఎంతసేపు ఆగుతున్నాయో చెప్పే ప్రెషర్ ఫైల్లో ఐఓ అంకె అప్పుడప్పుడు లేచి దిగుతోంది, పైనే కూర్చోవడం లేదు. కుర్రాడు ఒక్కసారి కూడా కేక వేయలేదు. మధ్యాహ్నం నేనే వెళ్ళి అడిగాను. "ఆయ్, బానే ఉందన్నా. కార్డులు పెట్టారా అసలు?" అన్నాడు.

ఆల్బమ్ డిజైన్ చేసే అమ్మాయి మాత్రం ఒక ఫిర్యాదు చెప్పింది. వేలకొద్దీ ఫొటోలున్న ఫోల్డరు తెరిస్తే చిన్న బొమ్మలు రావడానికి ఇంకా టైము పడుతోంది. అది వరుస సమస్య కాదు, ఒక్కో ఫొటోకీ ముల్లు కదలాల్సిందే. సెకనుకు ఎనభై కదలికలే దొరికే డిస్కుతో దానికి మందు లేదు. ఆ ఫోల్డర్లకి ఒక ఎస్‌ఎస్‌డీ కొనమని బాబాయికి చెప్పాను, ఒప్పుకున్నాడు.

మిగిలినవి

సెట్టింగులన్నీ రీబూట్‌తో పోతాయి. మెమరీ హద్దులు సిస్‌కంట్రోల్ ఫైల్లో, స్ట్రైప్ క్యాష్, క్యూ డెప్త్, షెడ్యూలర్ విలువలు యూడెవ్ రూల్స్‌లో పెట్టి, రీబూట్ చేసి, ఒక్కోటీ చదివి చూసుకున్నాను. అన్నీ నిలిచాయి.

మా సర్వరులో ఉన్న లైనక్స్ డెబియన్. అది నెల మొదటి ఆదివారం అర్ధరాత్రి దాటాక అర్రే మొత్తం చదివి తనిఖీ చేస్తుంది. ఆదివారం పొద్దున్నే మాకు కార్డుల రద్దీ. ఇంకెవరైనా పని చేస్తుంటే తనిఖీ తనంతట తాను తగ్గుతుంది నిజమే, అయినా గరిష్ఠ వేగం మామూలుగా 2,00,000 కేబీ, అంటే సెకనుకు 200 ఎంబీ. దాన్ని 60,000కి దించి, తనిఖీని మంగళవారం రాత్రికి మార్చాను. మంగళవారం ముహూర్తాలు పెట్టరు కాబట్టి బుధవారం పొద్దున్న స్టూడియో ఖాళీ.

ఒక డిస్కు పోయి, కొత్తది పెట్టి అర్రే మళ్ళీ కట్టుకుంటున్నప్పుడు ఈ ఎదురుచూపులు ఎలా ఉంటాయో ఇంకా చూడాలి. పోయిన డిస్కు మీది డేటా అడిగితే మిగతా మూడూ చదివి లెక్క కట్టాలి, కాబట్టి ఇప్పటి అంకెలు అప్పుడు నిలవవు. ఆషాఢంలో ఒక డిస్కు తీసి ఆ పరీక్ష పెడతాను. అప్పటికి పూర్తి బ్యాకప్ రెండో మెషీనులోకి వెళ్ళి ఉండాలి, ఆ పని ఈ వారమే మొదలుపెట్టాను.